తనంతట తాను

"దీనికి పార్టులు రావండి" అన్నాడు
రాజమండ్రి షాపులో కుర్రాడు,
మిషను వంక చూడకుండానే.
కొత్తదాని బొమ్మలున్న కాగితం చేతిలో పెట్టాడు.
అందులో గడ్డి మరీ పచ్చగా ఉంది.
గడ్డి అమ్ముకు బతికే మా కడియపులంకలో కూడా
అంత పచ్చ పండదు.

తిరుగుబస్సులో కాగితం వెనక లెక్క వేశాను:
మెక్సికన్ గడ్డి ఎన్ని అడుగులు కోసి
ఎన్ని లారీలకెత్తితే ఆ బొమ్మ ఇంటికొస్తుందో.
కౌలు ఎకరంన్నర. వాన ముందే పడ్డ ఏడాది.
కడియం రాకముందే లెక్క ఆపేశాను.

క్లబ్బు వేలంలో కొన్నాను దీన్ని,
పద్నాలుగేళ్ల కిందట. అప్పుడు ఎరుపు.
ఇప్పుడు రంగేమిటని అడక్కండి.
పిడి దగ్గర మీట నొక్కితే చాలు
తనంతట తాను నడిచేది,
ఇంటిదారి పట్టిన గేదె పలుపు పట్టుకున్నట్టు
వెనకాల నేను.

వైశాఖంలో నడక మానేసింది.
ఇంజను అరుస్తుంది, బ్లేడు తిరుగుతుంది,
చక్రాలు మాత్రం మాకేం సంబంధమన్నట్టు.
రెండు నెలలు తోశాను.
కాలవగట్టు వేపు మడి కాస్త ఎత్తు.
అక్కడ ప్రతి వరసకీ మోకాళ్లు
నా వయసు పైకి చదివేవి.

కోటిపల్లి రేవులో పడవ ఇంజన్లు బాగుచేసే ఏసోబు వచ్చాడు.
"నీళ్ల మీద నడిచేయే తెలుసండి నాకు.
నేల మీద నడిచేది ఎలాగుంటాదో చూద్దాం"
గోనె పరిచి పక్కకి పడుకోబెట్టాడు.

కడుపునిండా గడ్డి.
తడిసి, ఎండి, మళ్లీ తడిసి
పిడకైపోయిన గడ్డి.
స్క్రూడ్రైవరుతో గీకాం, కిరసనాయిలుతో కడిగాం.
ఎన్నడో పోయిన నా చెవిదుద్దు శీల దొరికింది.
దుద్దు దొరకలేదు.

బెల్టు, దాళవా కోసేసిన చేనులా నెర్రెలు తీసింది.
వేమగిరి పిండిమరలో పాతదొకటి ఇచ్చారు.
దానికింకా కారం ఘాటు వదల్లేదు.
ఏసోబు తుమ్ముతూనే ఎక్కించాడు.

వెనక చక్రాల్లో చిన్న పళ్లచక్రాలు రెండు.
పళ్లు ఒక వైపే అరిగాయి.
"ఎప్పుడూ ముందుకేనా అండి, పాపం!
కుడిది ఎడంకీ ఎడందిది కుడికీ మార్చేద్దాం,
అరగని వైపు పన్లోకొస్తాది."

కొత్తదాని కాగితం పరిచి
విప్పిన ముక్కలన్నీ దాని మీదే వరసగా పేర్చాను.
గ్రీజు పడి ఆ పచ్చగడ్డి నల్లబడింది.

బిగించాం. తాడు లాగాం.
మీట నొక్కితే టకటకా పళ్లు నూరింది.
తోస్తే బిగుసుకుపోయింది.
ఏసోబు బీడీ ముట్టించి
చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.
కాలవలో బాతులు రెండుసార్లు అటూ ఇటూ పోయాయి.

మళ్లీ విప్పాం.
ఇరుసు గాడిలో ఇనపముక్క,
చింతగింజలో సగం ఉంటుందేమో,
చక్రాలు మార్చాం గానీ దాన్ని తిప్పి పెట్టలేదు.
"ఇదిగో దొంగ" అంటుండగానే
వేళ్ల మధ్యనుంచి జారి గడ్డిలో పడింది.
పాత రేడియో స్పీకరు అయస్కాంతం పట్టుకుని
చీకటిపడేదాకా దువ్వాను, నా మడిని నేనే,
పేలు చూసినట్టు.

రెండోసారి తాడు లాగాక
అది నన్నడగలేదు.
బంతి నారు మీదుగా, నీళ్ల పైపు మీదుగా
గట్టెక్కేసింది. వెనకాల నేను,
చెప్పులు ఎక్కడ వదిలానో.
ఏసోబు "మీట వదలండమ్మా, మీట!" అంటున్నాడు.
వదలబుద్ధి కాలేదు.

కూలి ఎంతంటే డబ్బులొద్దన్నాడు.
వాళ్ల చర్చి ముందుకి రెండొందల అడుగుల గడ్డి కావాలట.
ఆదివారం నాటికి కోసిచ్చాను, దీంతోనే సమం చేసి.

ఒక బోల్టు మిగిలింది.
ఏసోబు వెలుతురుకేసి పట్టి చూసి
"ఇది లేకుండానే నడిచింది కదండీ" అన్నాడు,
అంత ధీమాగా ఏం కాదు.
కొంగుకి ముడేసుకున్నాను.
రోజూ పొద్దుగూకాక దాని కడుపు గీకుతుంటే
చెయ్యి దానంతటది
ఆ బోల్టుకి చోటు వెతుకుతుంది.